గుమ్మానికి పెట్టిన బొట్టు

మేము హైదరాబాదు వదిలిపెట్టడం వెనక పెద్ద ఆదర్శాలేమీ లేవు. మా ఆయన దగ్గు ఒక్కటే కారణం. మా కాపురమంతా ఒకే అపార్టుమెంటు మూడో అంతస్తులో గడిచింది. కిటికీ కింద ఎప్పుడూ ఏదో ఒక తవ్వకం. ఒకసారి పైపుల కోసం, ఒకసారి కేబుళ్ల కోసం, ఒకసారి ఆ రెండూ సరిగ్గా వేయలేదని. దగ్గు మొదట్లో చలికాలం చుట్టంలా వచ్చి పోయేది. తర్వాత ఇంట్లోనే తిష్ఠ వేసింది. ఊపిరితిత్తుల డాక్టరు మందులు రాసి, పెన్నుకు మూత పెడుతూ, వీలైతే ఊరు మారండి అన్నాడు. అలాంటి సలహాలు ఎవరూ పాటించరు. మా ఆయన పాటించారు. రామచంద్రపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం చూసుకుని, అది ఖాయమయ్యాక నాకు చెప్పారు.

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. మా అబ్బాయి పూనాలో హాస్టల్లో ఉంటున్నాడు. నా పని స్కూలు పుస్తకాల ప్రూఫులు దిద్దడం. నెట్ ఉంటే చాలు, ఎక్కడైనా కూర్చుని చేసుకోవచ్చు. కారణం దొరకలేదన్న కోపంతో కొన్నాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన దాన్ని అంగీకారం కింద తీసుకుని లారీ మాట్లాడేశారు.

నేను పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది హైదరాబాదులోనే. గోదావరి జిల్లాలంటే మర్యాదలు, విస్తట్లో పట్టనన్ని కూరలు అని అందరూ చెప్పే మాటలు తప్ప ఏమీ తెలియదు. జూన్ నెలలో, మొదటి వానలతోపాటు వచ్చి దిగాం. కాలువ వైపు వెళ్లే వీధిలో ఇల్లు. వెనక నాలుగు కొబ్బరిచెట్లు. ఇల్లుగలవాళ్లు రెండు వీధుల అవతల ఉంటారు, కొబ్బరికాయలు మాత్రం వాళ్లవే. గాలి మళ్లినప్పుడు మిల్లుల్లో ఉడుకుతున్న ధాన్యం వాసన, డాబా మీద ఆరేసిన బట్టల మీద ఊక నుసి. దుమ్ము పడదని వచ్చి బూడిదలో పడ్డామని మా చెల్లికి ఫోన్లో చెప్పాను. కానీ నిజం చెప్పాలి కదా, నెల తిరక్కుండానే మా ఆయన దగ్గు తగ్గింది. మొదటిసారి ఆయన దగ్గకుండా పడుకున్న పూట నాకే నిద్ర పట్టలేదు. బతికే ఉన్నారా అని లేచి చూశాను.

ఊరు మాత్రం నన్ను వదల్లేదు. కూరగాయల దగ్గర నిలబడినా, గ్యాసు బండ కోసం నిలబడినా, "ఏ ఊరండి మీది? ఎవరి తాలూకండి?" హైదరాబాదులో పక్క ఫ్లాటువాళ్ల పేరు నాకు కరెంటు బిల్లు చూసి తెలిసింది. ఇక్కడ పాలు పోసే ఆవిడకు మా అబ్బాయి ఏం చదువుతున్నాడో, ఏ పరీక్షలో తప్పాడో కూడా తెలుసు. నా వెనక మా ఆయన చెప్పారన్నమాట. నాకు ఒళ్లు మండేది. మనుషులు ఇంత దగ్గరగా రావడం నాకు అలవాటు లేదు, ఇష్టం కూడా లేదు.

ఒక్క ఎదురింటి మామ్మగారిని తప్పించి. ఎనభై దాటిన మనిషి. పొద్దస్తమానం అరుగు మీద పీట వేసుకుని, ఒడిలో ఏదో ఒక కూరాకు పెట్టుకుని ఏరుతూ ఉండేవారు. నేను గేటు తీయగానే, "అమ్మాయ్, ఏం కూరే ఇవాళ?" అని వీధంతా వినబడేలా అడిగేవారు. దొండకాయ అంటే, అయ్యో, నిన్నా అదే కదా అని నొచ్చుకుని, మధ్యాహ్నానికి మునక్కాడలు పంపేవారు. ఆ ఇంట్లో ఆవిడా, కొడుకూ, కోడలూ ఉంటారు. కొడుకుకు ఊరి బయట వరి చేలున్నాయి. కోడలు ఇంచుమించు నా ఈడుది, తక్కువ మాట్లాడే మనిషి. శ్రావణం రాబోతుండగా వాళ్లమ్మాయి విశాఖపట్నం నుంచి పుట్టింటికి వచ్చింది. కడుపుతో ఉంది. ఇంతకుమించి వాళ్ల గురించి నాకు తెలియదు, తెలుసుకోవాలనుకోలేదు.

శ్రావణం మొదట్లో ఒకరోజు మా ఆయనా నేనూ రాజమండ్రి వెళ్లాం. పుస్తకాల బీరువా కోసం వెళ్లి, నచ్చక, ఉత్త చేతులతో సాయంత్రానికి తిరిగొచ్చాం. మెట్లెక్కి చూద్దును కదా, తాళం వేసిన తలుపుకు రెండు వైపులా ద్వారబంధం మీద తడిగా పసుపు. పసుపు మధ్యలో ఎర్రగా కుంకుమ. గడప మీద పచ్చటి బియ్యపు గింజలు. ఎవరో వేళ్లతో అద్ది మరీ పెట్టారు. వేలిముద్రలు కనిపిస్తున్నాయి.

క్షుద్రపూజలంటూ టీవీలో వచ్చే కథనాలు నేను ఒక్కటీ వదలకుండా చూసేదాన్ని. నమ్మి కాదు, వెక్కిరించడానికి. వెక్కిరించడానికి చూసినవి కూడా బుర్రలో ఉండిపోతాయని ఆ రోజు తెలిసింది. ఫొటో తీసి అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టాను. దాన్ని తొక్కకు అని ఒకతె, నిమ్మకాయ ఉందేమో వెతుకు అని ఇంకొకతె. ఫోను లైటు వేసి పూలకుండీల వెనక నిమ్మకాయ కోసం వెతికాను. మా ఆయన, ఎవరో పూజ చేసుకుని ఇల్లు పొరబడి ఉంటారులే అన్నారు. మీకేం తెలుసు ఊరుకోండి అని కసిరి, బకెట్టు నీళ్లలో ఫినాయిలు కలిపి, బట్టల బ్రష్షుతో గుమ్మం రుద్ది రుద్ది కడిగాను. కడుగుతూ, ఇలాంటి వేషాలు నా దగ్గర వేస్తే పోలీసులకు పట్టిస్తానని వీధికి వినబడేలా అరిచాను. ఎదుటి అరుగు మీద మామ్మగారు ఉన్నారు. నన్నే చూస్తున్నారు. నేను అటు తిరిగేసరికి లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆవిడకేదో తెలుసు, కావాలనే చెప్పడం లేదు అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఎదురింటి ముందు షామియానా వేశారు. కార్లు, పట్టుచీరలు, చలిమిడి పళ్లేలు, గాజుల గలగల. శ్రీమంతమని చూస్తేనే తెలుస్తోంది. వీధిలోని ఆడవాళ్లంతా నా కిటికీ ముందు నుంచే వెళ్లారు. రోజూ కూరేంటని ఆరా తీసే మనిషి, ఇంత వేడుక చేసుకుంటూ నాకో మాట చెప్పలేదని నాకు కోపం వచ్చింది. పిలవని పేరంటానికి నేనెందుకు వెళ్తాను? తలుపేసుకుని ప్రూఫులు దిద్దుకున్నాను.

ఆ వారంలోనే గేటు మీద సీసీ కెమెరా పెట్టించాను. అది వీధిని చూడాలి కాబట్టి ఎదుటి అరుగును కూడా చూసేది. కొన్నాళ్లకు మామ్మగారి పీట అరుగు మీద కనబడటం మానేసింది. వానలకు లోపలే కూర్చుంటున్నారేమో అనుకున్నాను. తర్వాత ఒకసారి ఎండ కాసిన రోజున కూడా అరుగు ఖాళీగానే ఉంది.

భాద్రపదంలో ఇల్లుగలావిడ కొబ్బరికాయలు దింపించుకోవడానికి వచ్చింది. దింపేవాడు చెట్టెక్కాక, ఆవిడ ముందు వాకిట్లోకొచ్చి, కెమెరా ఎందుకని అడిగింది. నేను మొదటినుంచీ చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పానేమో కూడా. ఆవిడ వింటూ వింటూ మెట్ల మీద కూలబడి, చెంపన చెయ్యి పెట్టుకుంది.

"అది చేతబడి కాదండీ. పిలుపండి" అంది. "ఇంటికి తాళం వేసుంటే గుమ్మానికి బొట్టు పెట్టి వెళ్తాం. మనిషికి పెట్టినట్టే లెక్క. ఆ అమ్మాయి శ్రీమంతానికి మిమ్మల్ని పిలిచేరు."

మిగతాది కూడా ఆవిడే చెప్పింది. ఆ పిల్లకు ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదట. ఈసారి ఏడో నెల వచ్చింది. వీధిలో ఒక్క ముత్తైదువను కూడా వదలకుండా పిలవాలని, అందరి అక్షింతలూ పడాలని ఆ తల్లి పట్టుబట్టిందట. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి, మేము లేమని తిరిగివెళ్లి, సాయంత్రం పిల్లనే వెంటబెట్టుకుని వచ్చి, పిల్ల చేత్తోనే మా గుమ్మానికి బొట్టు పెట్టించిందట. నేను చూసిన వేలిముద్రలు ఆ అమ్మాయివి. అది ఇంకా ఆరకముందే నేను ఫినాయిలు పోశాను.

"బొట్టు తుడిచేయడమంటే మాకు చిన్న మాట కాదండీ" అని ఆవిడ లేచింది. "వాళ్లు మిమ్మల్ని ఒక్క మాటన్నా అన్నారా? అనరు. కానీ ఆ తల్లి ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఏ అడుసూ తొక్కకుండానే కడగకూడనిది కడిగాను. ఆ సాయంత్రం మా ఆయన కాలేజీ బస్సు దిగగానే విషయం చెప్పి, కెమెరా ఊడదీయించి, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి పట్టుకుని ఎదురింటికి వెళ్లాం. హైదరాబాదులో మనిషికి కోపమొస్తే మర్యాద తగ్గుతుంది. ఇక్కడ పెరుగుతుందని ఆ ఇంట్లో కూర్చున్నాక అర్థమైంది. "రండి, రండి. కూర్చోండి. కాఫీ తీసుకోండి. అయ్యో, దానికేముందండీ. తెలియక చేసేరు. ఎవరైనా అంతేనండి." నన్ను వీధిలో నిలబెట్టి అమ్మాయ్ అని పిలిచిన మామ్మగారు, ఆ పూట మాట మాటకూ అండి తగిలించారు. ప్రతి అండికీ నేను కుర్చీలో మరి కాస్త కుంచించుకుపోయాను.

చేతబడి అనుకున్నానని నేను చెప్పినప్పుడు మాత్రం, లోపల మంచం మీద ఒత్తిగిలి పడుకున్న అమ్మాయి ఫక్కున నవ్వింది. నిమ్మకాయ వెతికిన సంగతి మా ఆయన చెప్పేసరికి, కడుపు పట్టుకుని మరీ నవ్వింది. తల్లి నవ్వలేదు. మేము లేచి వస్తుంటే మా వెనకాలే గేటు దాకా వచ్చి, తల వంచుకుని అంది.

"మీ మీద కోపం లేదండి. నాకు భయం. కాన్పు అయ్యేదాకా మీ గడప నేను తొక్కను. మీరూ రావద్దు. ఏమీ అనుకోకండి."

అలాగేనన్నాను.

శకునాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. పిల్లి ఎదురైతే ఆగేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అయినా ఆ రెండు నెలలూ నేను భయపడినంతగా ఆ తల్లి కూడా భయపడి ఉండదు. మా ఆయన అడిగారు కూడా, నీకు నమ్మకం లేదు కదా, మరి ఎందుకిలా అయిపోతున్నావని. నాకు లేకపోతే ఏం లాభం, వాళ్లకుంది కదా అన్నాను. ఆ పిల్లకు జరగరానిది జరిగితే, ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. కాఫీ ఇస్తారు. రండి, కూర్చోండి అంటారు. ఆ గుమ్మానికి ఎదురుగా, ఆ మర్యాద మధ్య నేను బతకలేను. హైదరాబాదు ఫ్లాటు ఇంకా ఎవరికీ అద్దెకు ఇవ్వలేదు, వెళ్లిపోదామని తేల్చి చెప్పాను. ఆయన సరే అన్నారు. అని, గుండె నిండా గాలి పీల్చి వదిలారు. ఆ గాలి కోసమే కదా ఇంత దూరం వచ్చామని గుర్తొచ్చి, నాకు ఏడుపొచ్చింది.

అప్పటినుంచి నా కళ్లు ఎదురింటి మీదే. ఆ తల్లి పొద్దున్నే వచ్చి ముగ్గు వేసేది. నేను కిటికీ పక్కకు తప్పుకునేదాన్ని, ఆమె కంట పడకూడదని. సాయంత్రాలు అమ్మాయి డాబా మీద నడిచేది. తల్లి కిందకు దిగిందని చూసుకుని నాకు చెయ్యి ఊపేది. నేనూ దొంగతనంగా ఊపేదాన్ని. ఆ పిల్ల నన్ను ఎందుకు క్షమించిందో నాకు తెలియదు. అసలు నా మీద కోపమే వచ్చినట్టు లేదు. రోజూ ఒకసారి ఆ చెయ్యి కనబడితే నాకు అన్నం సయించేది.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. సముద్రంలో వాయుగుండమని వార్తలు. చేలన్నీ పొట్ట మీదున్నాయి, కంకి ఇంకా లోపలే ఉంది, గాలి వస్తే పడిపోతాయని అమ్మాయి తండ్రి గేటు దగ్గర నిలబడి మా ఆయనతో అనేవాడు. చేను గురించి అంటున్నాడో, కూతురి గురించి అంటున్నాడో తెలిసేది కాదు. ఆ రోజుల్లో నేను దిద్దిన పాఠాల్లో ఎన్ని తప్పులు వదిలేశానో ఆ పిల్లల అదృష్టం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎదురింటి ముందు కారు ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. తండ్రి సంచులు పెడుతున్నాడు. అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడింది, పళ్లు బిగించి. కాకినాడ ఆసుపత్రికన్నమాట. ఆ రోజు వీధి వీధంతా ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లింది, ఒక్క మనిషి లేదు. నేను చటుక్కున కిటికీ రెక్క మూసి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. బయలుదేరే వేళ నా మొహం వాళ్ల కంట పడకూడదు, అదొక్కటే నా ఆలోచన. శకునాలను నమ్మని మనిషిని, సొంత ఇంట్లో దాక్కున్నాను.

కారు కదల్లేదు. ఏదో మాట్లాడుకుంటున్నారు. తల్లి గొంతు, పిల్ల గొంతు, మళ్లీ తల్లి గొంతు. కాసేపటికి మా గేటు చప్పుడైంది. తలుపు తీస్తే మామ్మగారు. చినుకుల్లో గొడుగు లేకుండా వచ్చేశారు.

"అమ్మాయ్, పిల్ల నిన్నే ఎదురు రమ్మంటోంది. నువ్వొస్తే గానీ కారెక్కనని కూర్చుంది. కాసిని నీళ్లు పట్టుకుని రా."

వద్దు మామ్మగారూ, నేను వద్దు, ఏదైనా అయితే అని ఇంకా ఏదో అనబోయాను.

"నువ్వు రాకపోతే అయ్యేది ఆగుతుందా? పిల్ల ధైర్యంగా ఎక్కాలి, అంతే. రా" అన్నారావిడ, నన్ను తిట్టినట్టుగా.

ఒంటి మీద నైటీ. దాని మీద తువ్వాలు చుట్టుకున్నాను. నుదుట బొట్టు లేదని గుర్తొచ్చింది. స్నానాల గది అద్దానికి అంటించిన స్టిక్కరు పీకి పెట్టుకున్నాను. చెంబు కనబడలేదు. స్టీలు జగ్గు నిండా నీళ్లు పట్టి, రెండు చేతులతో పట్టుకుని వీధిలోకి నడిచాను. కారుకు ఎదురుగా ఎలా రావాలో, ఎటునుంచి రావాలో నాకెవరూ నేర్పలేదు. పెళ్లిపీటల మీద కూడా అంత జాగ్రత్తగా అడుగులు వేయలేదు. జగ్గులో నీళ్లు తొణికి పాదాల మీద పడ్డాయి. అమ్మాయి నన్ను చూసి, ఆ నొప్పుల్లోనే చిన్నగా నవ్వి, తల వంచి కారెక్కింది. పక్కన తల్లి రెండు చేతులూ జోడించి కళ్లు గట్టిగా మూసుకుంది. కారు నా పక్కనుంచి వెళ్లిపోయింది.

వీధిలో నేనూ మామ్మగారూ మిగిలాం. ఆవిడ తమ గేటు లోపలే, స్తంభం చాటున నిలబడి ఉన్నారు. భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదని తనంత తానే తప్పుకున్నారు. ఆ పిల్లకు పుట్టినప్పటినుంచి నీళ్లు పోసింది ఈవిడ, గోరుముద్దలు తినిపించింది ఈవిడ. నైటీ మీద తువ్వాలు కప్పుకున్న నేను పనికొచ్చాను గానీ ఆవిడ పనికి రాలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కి, ఇదేం పద్ధతి మామ్మగారూ అని గట్టిగానే అడిగేశాను. ఆవిడకు కోపం రాలేదు.

"ఎదురు రాకపోతేనేం? వెనకాల నేనున్నాను కదే" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ దగ్గరే అరుగు మీద కూర్చున్నాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉన్నాం. ఆవిడ తన కాన్పులన్నీ వరసగా చెప్పారు, పోయిన పిల్లలతో సహా, వానలూ వరదలూ చెప్పినట్టు. ఫోను మా మధ్య పీట మీద పెట్టుకున్నాం. అది మోగినప్పుడల్లా ఏదో ఒక కంపెనీవాడు. నేను ఒకడిని చెడామడా తిట్టాను. వాడేం పాపం చేశాడని మామ్మగారు నన్ను మందలించారు.

దీపాలు పెట్టే వేళకు అమ్మాయి తండ్రి ఫోన్ చేశాడు. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. మామ్మగారు ఫోను నా చేతికిచ్చి, అతను చెప్పిన మాటే నన్నూ వినమన్నారు. నేను విని, నలుగురూ వింటారన్న జ్ఞానం లేకుండా బావురుమన్నాను. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో కాలేజీ బస్సు దిగిన మా ఆయన, ఎదురింటి అరుగు మీద నా ఏడుపు చూసి, సంచి పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయారు. ఆయనకు శుభవార్తని తెలిసేసరికి కొంచెం సమయం పట్టింది.

పురుడయ్యాక వెళ్లి పిల్లను చూసొచ్చాను. పిలిస్తేనే వెళ్లాను. అమ్మాయి ఒడిలోంచే చూపించింది. తల్లి నన్ను మర్యాదగానే పలకరించింది, పండు ఇచ్చింది, బొట్టు పెట్టింది. ఆమె కళ్లలో బెదురు మాత్రం ఇంకా పోలేదు. నేను పిల్లను ఎత్తుకుంటానని అడగలేదు. దూరంగా నిలబడే, మామ్మగారి ముక్కు వచ్చిందన్నాను. అంతా నవ్వారు. ఇంక నాకు అది చాలనుకున్నాను. గొడవేమీ లేదు, ఎవరి గడప లోపల వాళ్లం ఉంటాం, ఇక్కడే ఉండిపోవచ్చు. హైదరాబాదు ఫ్లాటుకు అద్దె బోర్డు పెట్టించమని మా ఆయనకు చెప్పాను.

కోతలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టి ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను. గేటు తీసిన చప్పుడైంది. పాలావిడ కాబోలని తలెత్తకుండా, గిన్నె అక్కడుందన్నాను. అడుగులు ఆగలేదు. చూస్తే ఎదురింటావిడ. మెట్లెక్కి, గడప దాటి, నేరుగా హాల్లోకి వచ్చేసింది. చేతుల్లో పాత చీరముక్కలో చుట్టిన పిల్ల.

"కాస్త పట్టుకోండి వదినగారూ. అత్తయ్యగారు పడుకున్నారు, బాలింతకి ఇప్పుడే కునుకు పట్టింది. నేను తలంటు పోసుకొచ్చేస్తాను. మెడ జాగ్రత్త."

నేను కింద చాప మీద కూర్చుని ఉన్నాను. పిల్లను నా ఒడిలో పడుకోబెట్టి, చెంగు సర్దుకుని, ఆమె వెళ్లిపోయింది. వెనక్కి కూడా చూడలేదు.

పసిపిల్ల బరువు నా చేతులు మర్చిపోయి ఎన్నాళ్లో అయింది. సాంబ్రాణి వాసన, ఆముదం వాసన. పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆడుతోంది. కాసేపాగి మళ్లీ చూశాను. నా ఫోను మోగితే తీయలేదు. వంటింట్లో పాలు పొంగిన చప్పుడు వినబడింది, తర్వాత పొయ్యి మీద పడి మాడుతున్న వాసన వచ్చింది. లేస్తే పిల్ల లేస్తుంది. కూర్చునే ఉన్నాను. కాలు తిమ్మిరెక్కింది. కాలు మార్చలేదు.

తలంటుకు అంతసేపు పట్టదు. నాకు తెలుసు. ఎదురింట్లోంచి నీళ్ల చప్పుడు కూడా రాలేదు. ఏమైందోనని కంగారు పడుతుండగా ఆమె పరుగు పరుగున వచ్చింది. జుట్టు తడవలేదు. చెంప మీద ఎర్రగా చాప ఈనెల గీతలు.

"నీళ్లు కాగేదాకా నడుం వాలుద్దామని అలా ఒరిగేనండి. కన్నంటుకుపోయింది" అంది, సిగ్గుపడుతూ. "ఈ పిల్ల కడుపున పడ్డ దగ్గర్నుంచి పగలు నాకు కన్ను మూతపడలేదు. ఇవాళ ఎలా పట్టేసిందో."

నేను లేవబోయాను, కాలు నిలవలేదు. ఆమె పిల్లను ఒక చేత్తో భుజాన వేసుకుని, రెండో చెయ్యి నాకందించి, లేపి నిలబెట్టి, మీ ఇంట్లో పాలు మాడుతున్నాయండీ, చూసుకోలేదా అంది.